గచ్చు మీద ఆయిలు మరక పడిందని హెడ్డు దించక్కర్లేదు: ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ ఇంట్లో మార్చుకునే పద్ధతి

మీరు రాసింది ఇదీ: 2013 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. సిగ్నల్ దగ్గర ఆగితే లోపలికి మాడు వాసన వస్తోంది. పొద్దున్నే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండి కింద రూపాయి బిళ్లంత నల్ల మరక, దాని మీద వాచ్‌మన్ సణుగుడు. షెడ్డులో చూపిస్తే "గాస్కెట్ పోయింది సార్, హెడ్డు దించాలి, 30 వేలు అవుతుంది" అన్నారు. కూలెంట్ తగ్గట్లేదు, ఇంజన్ వేడెక్కట్లేదు. ఇంట్లో సాకెట్ సెట్టు ఉంది, ఆదివారం నేనే మార్చుకోగలనా అని అడిగారు.

మార్చుకోవచ్చు. కానీ పానా పట్టుకునే ముందు ఆ షెడ్డువాళ్లు చెప్పిన గాస్కెట్టూ, మీ బండిలో కారుతున్న గాస్కెట్టూ ఒకటేనా అన్నది తేల్చుకోవాలి. నాకైతే ఒకటి కాదనిపిస్తోంది.

ఇంజన్‌లో గాస్కెట్లు, అంటే రెండు భాగాల మధ్య కారకుండా వేసే ప్యాకింగులు, చాలా ఉంటాయి. అన్నిటికంటే పైన ఉండేది ట్యాపెట్ కవర్ ప్యాకింగ్. కామ్‌షాఫ్టుల (వాల్వులని తెరిచే ఇరుసులు) మీద మూతలా కూర్చునే కవరుకీ, హెడ్డుకీ (సిలిండర్ల మీద కూర్చునే ఇంజన్ పైభాగం) మధ్య రబ్బరు తాడులా ఉంటుంది. దాని పని లోపల చిందే ఆయిలు బయటికి రాకుండా ఆపడం, అంతే. హెడ్ గాస్కెట్ దానికింద, హెడ్డుకీ, సిలిండర్లుండే బ్లాకుకీ మధ్యన ఉంటుంది. పేలుడు ఒత్తిడిని, కూలెంట్ దారిని, ఆయిలు దారిని మూడింటినీ విడివిడిగా ఉంచేది అదే. అది పోతే బండి ఊరుకోదు: కూలెంట్ తగ్గుతుంది, వేడి ముల్లు పైకి లేస్తుంది, సైలెన్సర్‌లోంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ ఆగకుండా వస్తుంది, రేడియేటర్‌లో బుడగలు కనిపిస్తాయి, లేదంటే ఆయిలు పాలు కలిపిన కాఫీలా మారుతుంది. మీరు చెప్పిన వాటిలో ఇందులో ఒక్కటీ లేదు. ఒక మాట, ఆయిలు మూత అడుగున మాత్రమే కాస్త మీగడలాంటి తెట్టె కనిపిస్తే కంగారు పడకండి. రోజూ రెండు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండ్లలో చలికాలం తేమకి అది మామూలే. ఆయిలు మట్టం చూసే గేజి పుల్ల తీసి చూసినప్పుడు దాని మీద ఆయిలు కూడా అలాగే ఉంటేనే ఆలోచించాలి.

హెడ్ గాస్కెట్ అయితే ఇంట్లో చేయమని నేను చెప్పను. టైమింగ్ చైను విప్పాలి, హెడ్డు తలం సరిగా ఉందో లేదో మిషన్ షాపులో చూపించాలి, బోల్టులు కొలత ప్రకారం, కోణం ప్రకారం బిగించాలి. సెల్లార్‌లో కార్టన్ పరుచుకుని చేసే పని కాదది. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మాత్రం ఓపిక ఉన్న ఎవరైనా మూడు నాలుగు గంటల్లో చేసుకోవచ్చు. మెకానిక్‌కి గంటన్నర చాలు. మీకు మిగతా సమయం ఫోటోలు తీసుకోవడానికీ, కింద పడ్డ బోల్టు వెతుక్కోవడానికీ పోతుంది.

సరే, లీకు నిజంగా పైనుంచేనా?

ఆయిలు కిందికి జారుతుంది, ఫ్యాను గాలికి పక్కలకి పాకుతుంది. కాబట్టి మరక పడ్డ చోటుకీ, కారుతున్న చోటుకీ మూరల దూరం ఉండొచ్చు. చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టి) కింద చుక్క వేలాడుతోందని చాంబర్ ప్యాకింగ్ మార్పించి, వారానికి మళ్లీ అదే చుక్కతో వచ్చినవాళ్లను లెక్కలేనంతమందిని చూశాను. ఇంజన్ పూర్తిగా చల్లారాక, తడిసిన చోటల్లా డీగ్రీసర్‌తోనో, గుడ్డకి కాస్త కిరోసిన్ అద్దుకునో తుడవండి. ఆరాక కవర్ అంచు చుట్టూ, దానికింద హెడ్డు మీద, టైమింగ్ కవర్ మీద ముఖానికి వేసుకునే పౌడరు చల్లండి. నవ్వకండి, ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. ఓ 20 కిలోమీటర్లు తిరిగి వచ్చి టార్చి వేసి చూస్తే, తెల్ల పౌడరులో ఆయిలు దారి గీత గీసినట్టు కనిపిస్తుంది. ఆ గీతని పైకి అనుసరించండి. అన్నిటికంటే పైన ఎక్కడ తడిసిందో అదే అసలు దొంగ.

గీత కవర్ అంచు దగ్గర మొదలైతే ఈ సమాధానం మీకే. కామ్ సెన్సర్ దగ్గరో, వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే వీవీటీ వాల్వు దగ్గరో మొదలైతే అక్కడి గుండ్రటి రబ్బరు సీలు, అదే ఓ-రింగు, మారిస్తే సరిపోతుంది, అది ఇంకా చిన్న పని. టైమింగ్ కవర్ అతుకు మధ్యలోంచో, కిందున్న పుల్లీ వెనక సీలులోంచో వస్తుంటే ఇంట్లో పెట్టుకోకండి.

మీ మాడు వాసనకి కూడా జవాబు ఇక్కడే ఉంది. కవర్ అంచు నుంచి జారిన ఆయిలు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే ఇంజన్‌లోంచి వేడి పొగ బయటికి వెళ్లే గొట్టాల మీద పడి కాలుతోంది. బండి నడుస్తున్నప్పుడు గాలికి కొట్టుకుపోతుంది, ఆగినప్పుడు ఆ పొగ బానెట్ కిందే ఉండి ఏసీ గాలితో లోపలికి వస్తుంది. లీకు చిన్నదే అయినా నెలల తరబడి వదిలేయొద్దని చెప్పేది ఇందుకే. ఎర్రగా కాలిన ఇనుము మీద ఆయిలు ఎక్కువగా పడితే మంట అంటుకునే ప్రమాదం ఉంది.

ఇంకో పరీక్ష కూడా ఇప్పుడే చేసేయండి. దీన్ని చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో ప్యాకింగ్ కన్నా ఇదే ముఖ్యం. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిలు పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద ఒక పలచటి కాగితం పెట్టండి. కాగితం కొద్దిగా లోపలికి పీల్చుకుంటే మంచిదే. బయటికి తోస్తూ పైకి ఎగిరితే లోపల ఒత్తిడి పెరుగుతోందన్నమాట. పిస్టన్ల పక్కనుంచి కిందికి జారే వాయువుని మళ్లీ ఇన్‌టేక్‌లోకి (ఇంజన్ గాలి పీల్చుకునే దారి) పంపడానికి పీసీవీ వాల్వు అని ఒకటి ఉంటుంది. అది మడ్డి పట్టి మూసుకుపోతే ఆ వాయువుకి దారి లేక, ఎక్కడ రబ్బరు బలహీనంగా ఉంటే అక్కడినుంచి ఆయిలుని బయటికి నెడుతుంది. అలాంటి ఇంజన్‌కి ఎంత మంచి ప్యాకింగ్ వేసినా ఆర్నెల్లకి మళ్లీ తడుస్తుంది. పీసీవీ వాల్వు తీసి చెవి దగ్గర ఊపితే లోపల టకటకమని కదలాలి. కదలకపోతే మార్చేయండి, ఖరీదైన వస్తువేం కాదు. వాల్వు బాగానే ఉండి, మూత తీస్తే పొగ బండి సైలెన్సర్‌లా గుప్పుగుప్పుమని వస్తుంటే మాత్రం పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు అరిగినట్టే. అప్పుడు ప్యాకింగ్ మీద డబ్బు పెట్టేముందు ఒకసారి కంప్రెషన్ చూపించుకోండి.

సామాను సంగతి. షాపుకి వెళ్లేటప్పుడు ఆర్‌సీ ఫోటో పట్టుకెళ్లండి, ఛాసిస్ నంబరుతో పార్ట్ నంబరు వెతికి ఇస్తారు. 'స్విఫ్ట్ ట్యాపెట్ ప్యాకింగ్ ఇవ్వండి' అని నోటిమాటగా అడిగితే డీజిల్‌ది చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. మీది 1197 సీసీ, నాలుగు సిలిండర్ల కె-సిరీస్ ఇంజన్. దీనికి రెండు కామ్‌షాఫ్టులు, టైమింగ్ చైను, ప్రతి స్పార్క్ ప్లగ్గు నెత్తినా దానికి కరెంటు ఇచ్చే ఒక కాయిల్. ప్లగ్గులు కవర్ మధ్యలోంచి బావుల్లో దిగుతాయి కాబట్టి ఆ బావుల చుట్టూ కూడా రబ్బరు రింగులు ఉంటాయి. బయటి ప్యాకింగ్ కొని ఈ రింగులు మర్చిపోయేవాళ్లే ఎక్కువ. సెట్టులో కలిసి వస్తాయో విడిగా కొనాలో అడిగి తెచ్చుకోండి.

కంపెనీ ప్యాకింగే తీసుకోండి. హైదరాబాద్ పుత్లీబౌలీలో, రాణీగంజ్‌లో, మా విజయవాడ ఆటోనగర్‌లో దీనికి సగం ధరకే దొరికేవి ఉన్నాయి, చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. తేడా రబ్బరులో ఉంది. మామూలు నైట్రైల్ రబ్బరు 100, 120 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. అక్రిలిక్ రబ్బరు 150 దాకా తట్టుకుంటుంది. మన మే నెల ఎండలో, ట్రాఫిక్‌లో గంటసేపు ఆగుతూ నడిచే ఇంజన్ పైభాగం ఎంత కాలిపోతుందో మీకు తెలిసిందే. ఆ వేడికి చవక రబ్బరు ఏడాది రెండేళ్లలో గట్టిపడిపోతుంది. మిగిలేది కొన్ని వందల రూపాయలు, పోయేది ఇంకో ఆదివారం.

ఇవి కాక 10 నంబరు సాకెట్, చిన్న రాట్చెట్, ఒక పొడుగు ఎక్స్‌టెన్షన్, ప్లగ్గు సాకెట్, చిన్న స్క్రూడ్రైవర్, సైలెంట్‌గా పనిచేసే రబ్బరు సుత్తి, పెయింటు బ్రష్షు. మందుల షాపులో 20 ఎంఎల్ సిరంజి, దానికి తగిలించడానికి జానెడు సెలైన్ ట్యూబు. ఇంజన్‌కి వాడే సిలికాన్ సీలెంట్ చిన్న ట్యూబు ఒకటి, షాపులో ఆనబాండ్ అంటే ఇస్తారు. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే, చిన్న కొలతల టార్క్ పానా ఎవరిదగ్గరైనా దొరికితే ఇంకా మంచిది. తుడవడానికి ఉతికిన పాత పంచె ముక్కలు. షెడ్డుల్లో వాడే దారాల వేస్టు మాత్రం వద్దు, ఎందుకో కింద చెప్తాను.

ముందురోజు రాత్రే బండి పెట్టేయండి, ఇంజన్ చేతికి చల్లగా తగలాలి. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. పైనున్న ప్లాస్టిక్ మూత, గాలి పైపు, అడ్డం వచ్చే ఫిల్టర్ డబ్బా తీయడానికి ముందు నాలుగు వైపులనుంచీ ఫోన్‌లో ఫోటోలు తీయండి. ఏ పైపు దేనికింద నుంచి వెళ్తోందో సాయంత్రానికి గుర్తుండదు, నన్ను నమ్మండి. 26 ఏళ్లుగా ఇదే పని చేస్తున్న నేనే ఇప్పటికీ తీస్తాను.

ఏదైనా విప్పే ముందు కవర్ చుట్టూ, బోల్టుల చుట్టూ, కాయిళ్ల మొదట్లో పేరుకున్న దుమ్ముని బ్రష్షుతో దులిపి, టైర్లకి గాలి కొట్టే చిన్న పంపుతో ఊదేయండి. పది నిమిషాల పని. ఆ ఇసుక కవర్ ఎత్తగానే రాలేది కామ్‌షాఫ్టుల మీదకే.

కాయిల్ కనెక్టర్లు పదేళ్ల బండిలో వేడికి బిస్కెట్లా పెళుసెక్కి ఉంటాయి. వైరు పట్టుకుని లాగొద్దు. కనెక్టర్‌ని ముందు కొద్దిగా లోపలికి నొక్కి, లాక్ మీద వేలు వేసి అప్పుడు వెనక్కి తీయండి. లాక్ విరిగితే కొంపేం మునగదు గానీ తర్వాత వదులై మిస్‌ఫైర్ తెప్పిస్తుంది. కాయిల్ బోల్టు తీసి, కాయిల్‌ని అటూఇటూ కొద్దిగా తిప్పుతూ నిలువుగా లాగండి. ఏది ఏ సిలిండర్‌దో టేపు మీద నంబరు రాసి అంటించండి.

ఇప్పుడు టార్చి వేసి బావుల్లోకి చూడండి. ఆయిలు నిలిచి ఉందా? ఉంటే లోపలి రింగులు కూడా పోయాయన్నమాట. ఆ స్థితిలో ప్లగ్గు విప్పొద్దు. విప్పితే ఆ ఆయిలంతా, దాంతోపాటు అడుగున ఉన్న మట్టీ సిలిండర్‌లోకి జారుతుంది. సిరంజికి సెలైన్ ట్యూబు తగిలించి పీల్చేయండి, మిగిలింది స్క్రూడ్రైవర్‌కి గుడ్డ చుట్టి అద్దండి. కాయిల్ కింద ఉండే రబ్బరు తొడుగులు ఆయిల్లో నాని ఉబ్బి మెత్తబడి ఉంటే అవి కూడా మార్చాలి. బండి ఎత్తు ఎక్కేటప్పుడు కొద్దిగా జర్కు ఇస్తోందని మీరు వేరేగా రాశారు కదా, దాని కారణం ఈ తొడుగులే అయ్యుండొచ్చు.

బావులు శుభ్రమయ్యాక వాటిలో గుడ్డలు కుక్కి, కవర్ నుంచి లోపలి వాయువు వెళ్లే బ్రీదర్ పైపులు తీయండి. గట్టిపడిన పైపుని లాగితే చీలుతుంది, ముందు మెలితిప్పి అంటు వదిలించాలి. ఇక కవర్ బోల్టులు. లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి, ఏదైనా పొడుగు తేడా ఉంటే అట్టముక్కకి కన్నాలు పెట్టి కవర్ ఆకారంలోనే గుచ్చిపెట్టుకోండి. విప్పడం బయటి మూలల నుంచి మధ్యకి, ఒక్కోదాన్నీ అర తిప్పు చొప్పున, ఎదురెదురుగా. ఒకేసారి ఒక వైపంతా వదులు చేస్తే కవర్ వంకర తిరుగుతుంది, ప్లాస్టిక్ కవర్ అయితే పగులుతుంది కూడా.

బోల్టులన్నీ వచ్చినా కవర్ కదలదు. పదేళ్లుగా అతుక్కుని ఉంది మరి. ఇక్కడే చాలామంది స్క్రూడ్రైవర్ దూర్చి పెకలిస్తారు. అల్యూమినియం మీద ఒక్క గీత పడినా చాలు, కొత్త ప్యాకింగ్ వేసిన మర్నాడే అక్కడినుంచి ఆయిలు చెమరుస్తుంది. రబ్బరు సుత్తితో పక్కలనుంచి చిన్నగా తట్టండి, మూలలు పట్టుకుని ఊపండి. వస్తుంది. వచ్చాక నిలువుగా పైకి ఎత్తండి, కింద వైర్లు ఏమైనా తగులుతున్నాయేమో చూసుకుంటూ.

కవర్ తీయగానే కామ్‌షాఫ్టులు కనిపిస్తాయి. ఆ దృశ్యాన్ని ఒక నిమిషం చూడండి, మీ బండి జాతకం అక్కడ రాసి ఉంటుంది. పలచటి తేనెరంగు పూతైతే ఆయిలు వేళకి మారుస్తున్నారని అర్థం. నల్లగా, బురదలా, వేలితో గీస్తే గీత పడేంత మడ్డి ఉంటే ఆయిలు మార్పుల మీద ఎవరో చాలాకాలం అశ్రద్ధ చేశారు. దాన్ని గోకి తీయాలని చూడొద్దు. గోకిన పెళ్లలు కిందికి పోయి చాంబర్‌లో ఆయిలు పంపు ముందుండే స్ట్రైనర్ జాలీలో ఇరుక్కుంటాయి. ఇకనుంచి ఆయిలు తొందరతొందరగా మారుస్తూ పొండి, అదే మెల్లగా కరుగుతుంది.

వెంటనే హెడ్డు మీద శుభ్రమైన పంచె ముక్క కప్పేయండి. దారాల వేస్టు వద్దన్నది ఇందుకే. దాని పోగు ఒక్కటి పడినా ఆయిలుతో పాటు చాంబర్‌లోకి దిగుతుంది. నాలుగు పోగులు చేరితే ఆయిలు పంపుకి గొంతు పట్టేసినట్టే.

పాత ప్యాకింగ్ తీసి గోటితో నొక్కి చూడండి. కొత్తది గోరు దిగి మళ్లీ పైకి లేస్తుంది. పాతది ఎండు వడియంలా పటుక్కున విరుగుతుంది, విరక్కపోయినా గాడి ఆకారంలోనే చదునుగా బిగుసుకుపోయి ఉంటుంది. బోల్టులు ఇంకాస్త బిగిస్తే లీకు ఆగుతుందేమో అని అడుగుతుంటారు. ఇలా రాయైపోయిన రబ్బరుని ఎంత బిగించినా అది వ్యాపించదు, పగిలేది కవరే.

గాడిలో మిగిలిన ముక్కల్ని వెదురు పుల్లతోనో, పాత ఏటీఎం కార్డుని కోసుకునో తీయండి. ఇనుప బ్లేడు వద్దు. అంతకుముందు ఎవరైనా సీలెంట్ పులిమి ఉంటే అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. అతుక్కున్న సిలికాన్‌ని కొద్దికొద్దిగా ఒలిచి తీయాలి, ఒక్క గంట దానికే పోతుంది. అయినా వదలొద్దు. పాత సిలికాన్ పొర మీద కొత్త ప్యాకింగ్ సమంగా కూర్చోదు. కవర్ లోపలి గాడి, హెడ్డు మీద అంచు రెండూ బ్రేక్ క్లీనర్‌తోనో, థిన్నర్ అద్దిన గుడ్డతోనో తుడిచి, వేలితో రాస్తే కీచుమనేలా ఆరబెట్టండి. ద్రవాన్ని హెడ్డు లోపలికి కార్చకుండా గుడ్డకే పట్టించాలి. బోల్టు రంధ్రాల్లో ఆయిలు నిలిచి ఉంటే అద్దేయండి, లేకపోతే బోల్టు అడుగు తాకకముందే ఆయిలు అడ్డుపడి బిగిసినట్టు అనిపిస్తుంది.

ఈ పని మొత్తంలో లీకు ఆగుతుందా లేదా అన్నది తేలేది ఈ తుడవడంలోనే. పానా పని అరగంట, తుడిచే పని రెండు గంటలు. షెడ్డులో కుదరనిదీ, ఇంట్లో కుదిరేదీ ఈ ఒక్కటే. అక్కడ వెనక ఇంకో ఆరు బండ్లు నిలబడి ఉంటాయి మరి, కుర్రాడు ఓసారి గుడ్డ తిప్పి, సీలెంట్ పులిమి మూసేస్తాడు. ఓపిగ్గా తుడిచిన అంచు మీద మీరు వేసిన ప్యాకింగ్ దానికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

కొత్త ప్యాకింగ్ పెట్టేటప్పుడు ముందు మూలలు కూర్చోబెట్టి, తర్వాత మధ్య భాగాలు వేలితో నొక్కుకుంటూ రండి. ఒక చివర నుంచి లాగుతూ వస్తే సాగి, ఆఖర్న అంగుళం మిగిలిపోతుంది. ప్లగ్గు బావుల రింగులు వాటి గాళ్లలో పూర్తిగా దిగాయో లేదో వేలితో చుట్టూ తడిమి చూడండి. కవర్ తిరగేసి ఊపితే ఏదీ జారకూడదు.

సీలెంట్ ఎక్కడ? ప్యాకింగ్ పొడుగునా మాత్రం కాదు. అంబాసిడర్ల కాలంలో కార్కు ప్యాకింగ్‌కి షెల్లాక్ పూసి అతికించేవాళ్లు, ఆ అలవాటే చేతులు మారుతూ ఇప్పటికీ వస్తోంది. రబ్బరు ప్యాకింగ్ పొడిగా కూర్చోవాలి. ఒక్క చోట మాత్రం సీలెంట్ కావాలి: టైమింగ్ చైను కవర్ వచ్చి హెడ్డుని తాకే అతుకు, అటొకటి ఇటొకటి. రెండు లోహాలు కలిసేచోట వెంట్రుకంత ఎగుడుదిగుడు ఉంటుంది, దాన్ని రబ్బరు పూడ్చలేదు. అక్కడ పెసర గింజంత చుక్క పెట్టండి, కంది గింజంత వద్దు. ఎక్కువైంది లోపలికి పొంగి, ఎండాక ఊడి, మళ్లీ ఆ జాలీ దగ్గరికే చేరుతుంది. మాన్యువల్‌లో ఇంకెక్కడైనా చుక్క పెట్టమని ఉంటే అక్కడా పెట్టండి. పెట్టిన ఐదు నిమిషాల్లోపు కవర్ దించేయాలి, పైన పొర కట్టాక దించితే అతకదు.

కవర్‌ని నిలువుగా దించండి, పక్కకి జరుపుతూ సర్దొద్దు. దించాక క్యాబిన్ వైపు అంచు కంటికి కనపడదు. ఫోన్ ఫ్లాష్ వేసి వెనక్కి పెట్టి వీడియో తీసి చూడండి. ప్యాకింగ్ నలిగి బయటికి నాలుకలా వచ్చిందేమో అందులో తెలిసిపోతుంది. కొత్తగా మార్చినా కారే బండ్లలో ఎక్కువ శాతం ఈ వెనక అంచు దగ్గర నలిగినవే.

బోల్టులన్నీ ముందు వేళ్లతో మూడు నాలుగు చుట్లు ఎక్కించండి. వేళ్లతో ఎక్కనిది పానాతో ఎక్కించొద్దు, అది మర వంకరగా పడుతోందన్న సూచన. అప్పుడు మధ్యలోంచి మొదలుపెట్టి, సుడి తిరిగినట్టు బయటికి వెళ్తూ, రెండు మూడు విడతల్లో బిగించాలి. ఈ సైజు 6 మిల్లీమీటర్ల బోల్టులకి మామూలుగా 7 నుంచి 11 న్యూటన్ మీటర్ల మధ్య చెప్తారు. మీ ఇంజన్‌కి కచ్చితమైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో చూసుకుని అదే వాడండి. 10 న్యూటన్ మీటర్లంటే మీటరు పొడుగు పానా చివర ఒక కిలో బరువు వేలాడదీసినంత, అంతే. టార్క్ పానా లేకపోతే రాట్చెట్ చివర కాకుండా దాని తల దగ్గర గుప్పిట్లో పట్టుకుని, మణికట్టు బలంతో మాత్రమే తిప్పండి. బోల్టు మెడ ఆనుకున్నట్టు తెలియగానే ఆగిపోవాలి. భుజం కదిలిందంటే ఎక్కువైనట్టే.

నేను ఆటోనగర్‌లో పనిలో చేరిన కొత్తలో ఒక కారుకి ఈ కవరే బిగిస్తూ, గట్టిగా ఉంటే మంచిదే కదా అని పావు తిప్పు ఎక్కువ వేశాను. బోల్టు మెత్తగా తిరిగింది. ఆ మెత్తదనం చేతికి ఒక్కసారి తెలిస్తే జన్మలో మర్చిపోలేం, అల్యూమినియం మర బోల్టుకి చుట్టుకుని ఊడి వచ్చింది. మా మేస్త్రీ తిట్టలేదు. "బిగించడమంటే పీక పిసకడం కాదురా" అని, పాడైన మర స్థానంలో కూర్చునే స్ప్రింగు లాంటి కొత్త మర, అదే హెలికాయిల్, వేసే డ్రిల్లు నా చేతికే ఇచ్చి సాయంత్రం దాకా ఆ ఒక్క రంధ్రం బాగు చేయించాడు.

ఆ తర్వాత అంతా వెనక్కి పెట్టడమే. ప్లగ్గులు ఎలాగూ బయటపడ్డాయి, మార్చి చాలా రోజులైతే ఇప్పుడే మార్చేయండి. బావుల్లో గుడ్డలు తీయడం మర్చిపోకండి, ఇది జోక్ కాదు. కాయిళ్లు నంబరు ప్రకారం, బ్రీదర్ పైపులు, పీసీవీ పైపు, గాలి పైపు క్లిప్పులు ఫోటోలతో సరిచూసుకుని బిగించండి. బ్యాటరీ వైరు అన్నిటికన్నా ఆఖర్న.

సీలెంట్ వాడారు కనుక దాని ట్యూబు మీద రాసినంతసేపు ఆగి స్టార్ట్ చేయండి, రాత్రంతా వదిలేస్తే ఇంకా మంచిది. బ్యాటరీ తీసినందువల్ల మొదట్లో ఐడిల్ కొంచెం ఎగుడుదిగుడుగా ఉండొచ్చు, కాసేపు నడిస్తే సర్దుకుంటుంది. ఇంజన్ వణుకుతూ చెక్ లైటు వెలిగితే మాత్రం ఏదో కాయిల్ కనెక్టర్ పూర్తిగా దిగలేదు. ఉస్సుమని గాలి శబ్దం వస్తే ఏదో పైపు మర్చిపోయారు.

మాడు వాసన వెంటనే పోదు. మానిఫోల్డ్ మీద, దాని రేకు కింద ఇంతకుముందు కారిన ఆయిలు అంతా కాలిపోవాలి, నాలుగైదు రోజులు పడుతుంది. తొందరపడి వేడి ఇంజన్ మీద కిరోసిన్, పెట్రోలు చల్లొద్దు. ప్రెషర్ వాటర్ కొట్టించొద్దు, కాయిళ్లలోకి, ఆల్టర్నేటర్‌లోకి నీళ్లు పోతాయి. రబ్బరు ప్యాకింగ్‌ని వారం తర్వాత మళ్లీ బిగించే పని కూడా లేదు, అది కార్కు రోజుల మాట. కావాలంటే మళ్లీ పౌడరు చల్లుకుని చూసుకోండి.

పది రోజుల తర్వాత కూడా తడి కనిపిస్తే ముందు ఆ వెనక అంచు వీడియో తీసి చూడండి, తర్వాత టైమింగ్ కవర్ అతుకు, ఆ తర్వాత కాగితం పరీక్ష ఇంకోసారి. ఈ మూడూ బాగుండి ఇంకా కారుతుంటే పౌడరు గీత ఫోటో పెట్టండి, చూసి చెప్తాను.

ఒక హెచ్చరిక: మీ స్నేహితుడికి డీజిల్ స్విఫ్ట్ ఉందని, అతనికీ ఇదే చేద్దామనుకుంటున్నానని రాశారు. డీజిల్‌కి ఈ పద్ధతి వర్తించదు. దాని ఇంజన్ నిర్మాణమే వేరు, పైన ఇంజెక్టర్లు, విపరీతమైన ఒత్తిడి మోసే పైపులు ఉంటాయి, వాటిని ఇంట్లో కదపకూడదు. దాన్ని షెడ్డుకే పంపండి. మీ బండి కింద మాత్రం ఈ శనివారం రాత్రి ఒక కొత్త అట్టముక్క పరచండి, వాచ్‌మన్‌కి ఆదివారం సెల్లార్‌లో లైటు వేసి ఉంచమని చెప్పండి.